ట్యూబులో మాత్రమే తగ్గిన ప్లేట్‌లెట్లు: ఒక స్మియర్ కేసు

గుంటూరు కొత్తపేటలో నర్సింగ్ హోముల మధ్య ఉన్న ఒక చిన్న ల్యాబులో పాథాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఈ కేసు రాస్తున్నది ఇది అరుదైన జబ్బు అని కాదు. అసలు ఇది జబ్బే కాదు. సుమారుగా వెయ్యి మందిలో ఒకరి రక్తంలో కనిపించే ఒక విచిత్రం, అంతే: ఒంట్లో బాగానే ఉన్న ప్లేట్‌లెట్లు శాంపిల్ ట్యూబులో ముద్దకట్టి, మెషీన్‌కు తక్కువగా కనిపించడం. పాఠ్యపుస్తకాల్లో ఉంది, ప్రతి టెక్నీషియనూ పరీక్షల కోసం చదివినదే. రాయాలనిపించిన కారణం వేరు. ఈ పేషెంటు విషయంలో స్మియర్ (రక్తపు చుక్కను గాజు స్లైడు మీద పలచగా లాగి మైక్రోస్కోపులో చూసే పరీక్ష) చేశారు, చూశారు, రిపోర్టులోనూ రాశారు. అయినా వారాల తరబడి అందరూ తప్పుదారిలోనే వెళ్ళారు. స్మియర్ చేయకపోవడం వల్ల వచ్చే ఇబ్బంది గురించి చాలామంది చెబుతారు. చేసిన స్మియరే తప్పుకు సాక్ష్యం పలికితే ఏం చేయాలన్నది ఇక్కడి సంగతి.

పేషెంటు వయసు, ఊరు, ఆస్పత్రి, తేదీలు వదిలేశాను. అంకెలను విషయం చెడకుండా కాస్త అటూ ఇటూ మార్చాను.

నేపథ్యం

నడివయసు స్త్రీ. గాల్ బ్లాడర్‌లో రాళ్ళు, తిన్నప్పుడల్లా నొప్పి. లాపరోస్కోపీ ఆపరేషన్ చేయాలన్నారు. దానికి ముందు మామూలుగా రాసే రక్త పరీక్షల్లో ప్లేట్‌లెట్లు 48,000 వచ్చాయి. కనీసం లక్షన్నర ఉండాలి. వానలు వెనకబడుతున్న రోజులు. మన దగ్గర సెప్టెంబరు, అక్టోబరుల్లో ఈ అంకె చూస్తే ఎవరికైనా ముందు తోచేది డెంగీయే. జ్వరం లేకపోయినా డెంగీ పరీక్షలు ఎన్ఎస్‌1, ఐజీఎం రెండూ చేయించారు. రెండూ నెగటివ్. ఇంట్లోవాళ్ళు మాత్రం ఆ మాట వినిపించుకోకుండా బొప్పాయి ఆకు రసం, కివీ పండ్లు మొదలుపెట్టారు. వారం తర్వాత చూస్తే 39,000.

ఆపరేషన్ వాయిదా పడింది. ఫిజీషియన్ పద్ధతిగానే వెళ్ళారు: స్కానింగ్‌లో లివరు బాగుంది, స్ప్లీను పెరగలేదు, హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు మామూలే, ప్లేట్‌లెట్లు తగ్గించే మందులేవీ వాడటం లేదు. మిగతా కారణాలన్నీ పోయాక మిగిలేది ఐటీపీ, అంటే శరీరమే తన ప్లేట్‌లెట్లను నాశనం చేసుకోవడం. ప్రెడ్నిసొలోన్ అనే స్టీరాయిడ్ మొదలైంది. మూడు వారాలకు షుగరు పెరిగింది, ముఖం ఉబ్బింది, ప్లేట్‌లెట్లు మాత్రం కదల్లేదు. స్టీరాయిడ్‌కు లొంగలేదు కాబట్టి బోన్ మ్యారో (ఎముక మజ్జ) చూడాలని రాసి నా దగ్గరికి పంపారు. కాగితం అడుగున ఇంకో వాక్యం ఉంది: మ్యారో బాగుంటే ప్లేట్‌లెట్లు ఎక్కించి ఆపరేషన్ చేద్దాం అని.

వచ్చినప్పటి పరిస్థితి

ఆమె భర్త మొదట అడిగింది, "వెన్నుపూసలో సూది గుచ్చుతారంట గదండీ, కాళ్ళు పడిపోవుగా?" అని. ఈ భయం ప్రతి ఇంటిదీ. సూది వేసేది తుంటి ఎముకలోనని చూపించి చెప్పాక ఊపిరి పీల్చుకున్నాడు. ఆ తర్వాత ఆమెతో మాట్లాడాను. పళ్ళు తోముకుంటే రక్తం రాదు. ముక్కు నుంచి ఎప్పుడూ రాలేదు. నెలసరి మామూలే. కాళ్ళ మీద ఎర్ర చుక్కలు లేవు, గాజులు తగిలిన చోట కూడా కమిలిన మచ్చ లేదు. ఈ గొడవంతా నడుస్తుండగానే ఒక పన్ను తీయించుకుందట. దూది కాసేపు కొరికి పట్టుకుంటే ఆగిపోయింది.

ప్లేట్‌లెట్లు నలభై వేలు ఉన్నంతమాత్రాన రక్తం కారాలని లేదు. ఐటీపీ వాళ్ళు చాలామంది అంతకన్నా తక్కువతో హాయిగా తిరుగుతుంటారు. కాబట్టి ఇవేవీ రుజువులు కావు. ఆలోచించమని చెప్పే గుర్తులు మాత్రమే.

ఆమె సంచిలోని రిపోర్టులన్నీ బల్ల మీద పరిచాను. తేదీల వారీగా చూస్తే అంకెలు పిచ్చిగా ఉన్నాయి: 48,000, 39,000, మధ్యలో ఒకసారి 92,000, మళ్ళీ 28,000. మందు పనిచేసి పెరిగి, తర్వాత తగ్గాయని ఎవరో పెన్నుతో బాణం గుర్తులు కూడా వేశారు. తేదీ పక్కన పెట్టి రక్తం ఎక్కడ తీశారు, ఎక్కడ కౌంట్ చేశారు అన్న వరసలో పేర్చాను. 92,000 వచ్చింది ఆస్పత్రి లోపలే ఉన్న ల్యాబులో. 28,000 వచ్చింది వాళ్ళ ఊరి దగ్గరి కలెక్షన్ సెంటర్‌లో పొద్దున తీసి, ఐస్ ప్యాక్ పెట్టిన డబ్బాలో బైకు మీద తిరిగి తిరిగి, సాయంత్రం విజయవాడలో మెషీన్ ఎక్కిన శాంపిల్. మిగతా రెండూ ఆ మధ్యలోవి. రక్తం మెషీన్ దాకా రావడానికి ఎంత ఆలస్యమైతే అంకె అంత తగ్గింది. ఐటీపీకి కలెక్షన్ సెంటర్ ఎంత దూరంలో ఉందో తెలిసే అవకాశం లేదు.

ఇంకోటి కూడా కలిసొచ్చింది. ప్లేట్‌లెట్లు బాగా తగ్గిన రిపోర్టుల్లో తెల్లకణాల సంఖ్య కాస్త పెరిగి ఉంది. స్టీరాయిడ్ వల్లనే అనుకోవచ్చు. కానీ స్టీరాయిడ్ మొదలుకాక ముందు రిపోర్టుల్లోనూ అదే తంతు.

మ్యారో ఎందుకు చేయలేదు

ఈ నిర్ణయం గురించి కాస్త వివరంగా చెప్పాలి. మ్యారో చేయడం పెద్ద ప్రమాదమేమీ కాదు, ఆ అంకెలే నిజమైనా గట్టిగా నొక్కి పట్టుకుంటే సరిపోతుంది. నన్ను ఆపింది అది కాదు. ఐటీపీలో మ్యారో చూస్తే ప్లేట్‌లెట్లను తయారుచేసే మెగాకేరియోసైట్లు మామూలుగానో, కాస్త ఎక్కువగానో కనిపిస్తాయి. ఆమెకు అసలు ఏ జబ్బూ లేకపోయినా అవి మామూలుగానే కనిపిస్తాయి. అంటే నేను మ్యారో చేసి "మెగాకేరియోసైట్లు తగినన్ని ఉన్నాయి" అని రాస్తే, అది చదివినవాళ్ళు "చూశారా, ఐటీపీయే" అంటారు. ఏ జవాబు వచ్చినా ఒకే అర్థం తీసేటప్పుడు ఆ పరీక్ష చేసి లాభం లేదు. ముందు ప్లేట్‌లెట్లు నిజంగా తగ్గాయా అన్నది తేలాలి. ఫిజీషియన్‌కు ఫోన్ చేసి ఒక రోజు గడువు అడిగాను. ఇచ్చారు.

పాత స్లైడు

48,000 రిపోర్టు ఇచ్చిన ల్యాబు స్లైడు దాచి ఉంచింది. అడగ్గానే పంపారు, మంచివాళ్ళు. రిపోర్టులో "స్మియర్‌లో ప్లేట్‌లెట్లు తగ్గి ఉన్నాయి" అని ఉంది. స్మియర్ బాగా లాగారు: మందంగా మొదలై పలచబడుతూ, రెండు వంతులు స్లైడు నిండి, చివర ఈకలా ముగిసింది. ఆయిల్ లెన్సు కింద ఎర్రకణాలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఉండే చోట చూశాను. ఒక్కో ఫీల్డుకు, అంటే లెన్సులో ఒకసారి కనిపించే మేరకు, సగటున మూడు ప్లేట్‌లెట్లు. ఫీల్డుకు ఒక్కటి అంటే సుమారు 15,000 అని లెక్క వేస్తాం. మూడు పదిహేనులు నలభై అయిదు వేలు. మెషీన్ చెప్పినదానికి అచ్చంగా సరిపోయింది. ఆ టెక్నీషియన్ రాసినదాంట్లో తప్పు పట్టేదేమీ లేదు. ఆయన చూసిన చోట నిజంగానే అన్నే ఉన్నాయి.

అయితే స్మియర్ లాగేటప్పుడు కణాలన్నీ స్లైడంతటా సమానంగా పరుచుకోవు. పెద్దవి, ముద్దలుగా ఉన్నవి కాలవలో చెత్త తూము దగ్గర పోగైనట్టు చివరకూ పక్క అంచులకూ కొట్టుకుపోతాయి. మనం లెక్కపెట్టే చోటు మధ్యలో ఉంటుంది, ఎందుకంటే ఎర్రకణాల ఆకారం అక్కడే బాగా తెలుస్తుంది. ప్లేట్‌లెట్ ముద్దలు ఉండేది చివర. చిన్న లెన్సుకు మార్చి స్లైడును తోకదాకా జరిపితే ఊదారంగు మట్టిగడ్డల్లాంటివి వరసగా కనిపించాయి. పెద్ద లెన్సులో చూస్తే ఒక్కో ముద్దలో యాభై, అరవై ప్లేట్‌లెట్లు.

ఇక్కడ రెండు అనుమానాలు తీర్చుకోకుండా ముందుకు వెళ్ళకూడదు. ఒకటి స్టెయిన్, అంటే కణాలకు పట్టించే రంగు. లీష్మన్ స్టెయిన్ వడకట్టకుండా వాడినా, స్లైడు మీద ఆరిపోనిచ్చినా అడుగున పేరుకున్న రంగు కూడా ఇలాగే ఊదా మచ్చలుగా ఉంటుంది. సైనిక వైద్యుడు విలియం లీష్మన్ 1901లో తయారుచేసిన ఈ స్టెయిన్‌లోని మిథనాల్ ముందు కణాలను ఫిక్స్ చేస్తుంది, తర్వాత రెండింతలు బఫర్ పోస్తేనే రంగు పడుతుంది. ఆ బఫర్ పీహెచ్ 6.8 ఉండాలి. దాని బదులు బోరు నీళ్ళు పోసి సరిపెట్టే ల్యాబులు ఇంకా ఉన్నాయి, ఆ స్లైడు మొత్తం నీలంగా తేలుతుంది. (వానాకాలంలో ఇంకో తంటా: మిథనాల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది, ఎర్రకణాల్లో మెరిసే గుంటలు పడతాయి, కొత్తవాళ్ళు వాటిని జబ్బు అనుకుంటారు.) ఈ స్లైడులో ఫోకస్ అటూ ఇటూ తిప్పి చూస్తే ముద్దలు కణాల మధ్యే ఉన్నాయి, వాటి పైన తేలడం లేదు, లోపల సన్నని గుళికలు కూడా కనిపిస్తున్నాయి. స్టెయిన్ మురికి కాదు.

రెండోది గడ్డకట్టడం. నరం సరిగా దొరక్క సూది కదిలించి కదిలించి తీసినా, ట్యూబును వెంటనే తలకిందులుగా తిప్పి కలపకపోయినా కొంచెం రక్తం గడ్డకట్టి ప్లేట్‌లెట్లు దానికి అంటుకుంటాయి. అలాంటప్పుడు ముద్దల మధ్య, రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ఫైబ్రిన్ దారాలు కనిపించాలి. ఇందులో లేవు. అయినా పాత స్లైడుతో ఖాయంగా చెప్పలేం. కొత్త రక్తం కావాలి.

పెద్ద ప్లేట్‌లెట్లను మెషీన్ ఎర్రకణాలుగా లెక్కేయడం, ప్లేట్‌లెట్లు న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల చుట్టూ దండలా అంటుకోవడం అనే సందర్భాలూ ఉన్నాయి. స్లైడులో ఆ రెండూ లేవని చూసుకున్నాను.

ప్రయత్నించినవి

మా సీనియర్ టెక్నీషియన్ ఒక్క గుచ్చుతో, నొక్కు లేకుండా రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉండే ఊదా మూత ట్యూబులోకి రక్తం తీసి వెంటనే మెషీన్‌లో పెట్టాడు. 1,68,000. అదే ట్యూబు బల్ల మీదే ఉంచాం. అరగంటకు 1,12,000. గంటకు 71,000. రెండు గంటలకు 43,000. తెల్లకణాలు 8,200 నుంచి 9,500కు పెరిగాయి, ఎందుకంటే మెషీన్‌కు కళ్ళుండవు, సైజు మాత్రమే తెలుసు. ప్లేట్‌లెట్ ముద్ద లింఫోసైట్ అనే చిన్న తెల్లకణం అంత ఉంటే అది దాన్ని తెల్లకణంగానే రాస్తుంది. కణాల సైజులను మెషీన్ గీసి చూపే హిస్టోగ్రామ్ గీత కూడా మామూలుగా దిగిపోవాల్సిన చోట దిగకుండా రంపంలా లేచి ఉంది. పుల్లతో కెలికి చూశాం, ట్యూబులో గడ్డ లేదు.

జరుగుతున్నది ఇది. ఈడీటీఏ రక్తంలోని కాల్షియాన్ని లాగేస్తుంది. అందుకే గడ్డకట్టదు. కాల్షియం పోగానే ప్లేట్‌లెట్ పైపొర మీద ఉండే ఒక ప్రొటీన్ జంట విడివడి, మామూలుగా దాగి ఉండే భాగం బయటపడుతుంది. కొందరి రక్తంలో సరిగ్గా ఆ భాగానికి అంటుకునే యాంటీబాడీలు ఉంటాయి. శరీరంలో కాల్షియం ఉన్నంతకాలం వాటికి పని లేదు. ట్యూబులో పడగానే ప్లేట్‌లెట్లను ఒకదానికొకటి అతికిస్తాయి. చల్లబడితే ఇంకా చురుగ్గా పనిచేస్తాయి, అందుకే ఐస్ డబ్బాలో తిరిగిన శాంపిల్ అన్నిటికన్నా ఘోరంగా వచ్చింది.

ఇక్కడికి కేసు తేలినట్టే. కానీ ఆపరేషన్ చేయాలంటే నాకు నమ్మకం కలిగితే చాలదు. సర్జన్‌కూ, ముఖ్యంగా అనస్థీషియా డాక్టరుకూ కాగితం మీద అంకె కావాలి. మొదటి నిమిషంలో వచ్చిన 1,68,000 ఇద్దామా అన్నాడు టెక్నీషియన్. వద్దన్నాను. అప్పటికే ఎన్ని అతుక్కున్నాయో తెలియదు, ఆ ట్యూబు స్మియర్ తోకలోనూ చిన్న చిన్న గుంపులు ఉన్నాయి.

అందరూ చేసేదే ముందు చేశాం: నీలం మూత సిట్రేట్ ట్యూబు. ఇందులో ఒక వంతు సిట్రేట్‌కు తొమ్మిది వంతులు రక్తం కాబట్టి వచ్చిన అంకెను 1.1తో గుణించాలి. 74,000 వచ్చింది, గుణిస్తే 81,000. ఫలించలేదు.

ఫోన్‌లో ఫిజీషియన్ అడిగింది న్యాయమైన ప్రశ్నే: "సిట్రేట్‌లోనూ తక్కువే వచ్చిందంటే నిజంగానే తక్కువేమో కదండీ?" చాలా కేసులు ఇక్కడే మళ్ళీ వెనక్కి పోతాయి. సిట్రేట్ కూడా కాల్షియాన్ని పట్టుకునే మందే, ఈడీటీఏ అంత గట్టిగా కాదు, అంతే. కొందరి యాంటీబాడీలకు ఆ కాస్త చాలు. కాబట్టి సిట్రేట్‌లో అంకె పెరిగితే అనుమానం నిజమైందనుకోవచ్చు, పెరగకపోతే ఏమీ తేలలేదనుకోవాలి. ఏది సంగతి అన్నది ఆ సిట్రేట్ రక్తంతోనే స్మియర్ చేస్తే తెలుస్తుంది. చేశాం. తోకలో ముద్దలు. ఆయనకు ఫొటోలు తీసి పంపాను, మాటలకన్నా అవే బాగా పనిచేశాయి.

తర్వాత ఇంకో ఈడీటీఏ ట్యూబును ముందుగానే 37 డిగ్రీలకు వేడిచేసి, రక్తం తీశాక కూడా వాటర్ బాత్‌లోనే ఉంచాం. పడిపోవడం నెమ్మదించింది, ఆగలేదు. గంటకు 1,20,000. యాంటీబాడీకి చల్లదనం ఇష్టమన్నది రుజువైంది కానీ రిపోర్టులో రాయదగ్గ అంకె రాలేదు. అమికాసిన్ అనే యాంటీబయాటిక్ కలిపితే ముద్దలు విడిపోతాయని, మెగ్నీషియం సల్ఫేట్ ట్యూబులు పనికొస్తాయని తెలుసు. మొదటిదాన్ని మా ల్యాబులో సరిచూసుకుని పెట్టుకోలేదు, రెండోది మా దగ్గర లేదు. ఎప్పుడూ చేయని పద్ధతిని ఒక ఆపరేషన్ ఆధారపడిన రోజున మొదలుపెట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

పనిచేసింది

చివరికి వెళ్ళింది బీరువాలో మూలన పడి ఉన్న న్యూబవర్ ఛాంబర్ దగ్గరికి, అంటే కణాలను చేత్తో లెక్కపెట్టడానికి సన్నని గడులు గీసిన గాజు పలక దగ్గరికి. ఆలోచన సూటిగా ఉంది. ట్యూబులో గడిపే సమయమే దోషమైతే ట్యూబునే తీసేయాలి. వేలు గుచ్చి, మొదటి చుక్క తుడిచేసి, పిండకుండా వచ్చిన చుక్కలోంచి 20 మైక్రోలీటర్లు నేరుగా 0.38 మిల్లీలీటర్ల ఒక శాతం అమోనియం ఆక్సలేట్‌లోకి. ఎర్రకణాలు కరిగిపోతాయి, ప్లేట్‌లెట్లు మిగులుతాయి. ఛాంబర్ నింపి, తడి ఫిల్టర్ పేపర్ వేసిన పెట్రీ డిష్‌లో మూతపెట్టి, అవి అడుగుకు దిగేదాకా ఆగాలి. తొందరపడితే ఇక్కడే తక్కువ లెక్క వస్తుంది.

ఆక్సలేట్ కూడా కాల్షియాన్ని పట్టేదే కదా అన్న అనుమానం నాకూ ఉంది. ఇరవై రెట్లు పలచబడితే యాంటీబాడీ కూడా పలచబడుతుందన్నది నా లెక్క, కానీ లెక్కను నమ్ముకోకుండా కౌంట్ చేసేముందు ఛాంబరంతా తిరిగి చూశాను. ముద్దలు లేవు. ప్లేట్‌లెట్లు విడివిడిగా ఉన్నాయి, మైక్రోస్కోపు కండెన్సర్ దించితే మిణుకుమంటూ. మధ్య గడిలోని ఇరవై అయిదింటిలో అయిదు గడులు లెక్కపెడితే, ఈ పలచనలో ఆ సంఖ్య పక్కన మూడు సున్నాలు చేర్చితే చాలు. ఒక పక్క 203, రెండో పక్క 191. అంటే సుమారు 1,97,000.

అదే వేలి నుంచి ఇంకో చుక్కతో మందులేవీ కలపకుండా స్మియర్ కూడా లాగాం. ఇందులో ప్లేట్‌లెట్లు గుంపులుగానే ఉంటాయి, ఎవరి రక్తంలోనైనా అంతే, కాబట్టి దీంతో లెక్క చెప్పకూడదు. ఎక్కడ చూసినా గుంపులే కనిపిస్తే మాత్రం కొరత లేదని చెప్పొచ్చు. ఆమె స్లైడు అలాగే ఉంది.

చేత్తో చేసే కౌంట్‌లో పది, ఇరవై శాతం తేడా వస్తుందని అనస్థీషియా డాక్టరు అభ్యంతరం చెప్పారు. నిజమే. 1,97,000లో ఇరవై శాతం తీసేసినా లక్షన్నర పైనే ఉంటుంది, ఇలాంటి ఆపరేషన్‌కు సాధారణంగా కోరేది 50,000. మా లెక్కలోని తేడా ఆయన నిర్ణయాన్ని మార్చేంత పెద్దది కాదు. ఒప్పుకున్నారు.

రిపోర్టులో మెషీన్ అంకె వేయలేదు. "ఈడీటీఏ, సిట్రేట్ రెండింటిలోనూ ప్లేట్‌లెట్లు ముద్దకడుతున్నాయి, మెషీన్ కౌంట్ నమ్మదగినది కాదు, వేలి రక్తంతో చేతి కౌంట్ 1,97,000" అని రాశాను. తెల్లకణాల అంకె కూడా వెంటనే కౌంట్ చేసినదే తీసుకోమని చేర్చాను. చాలా రిపోర్టుల్లో ఈ రెండో మాట ఉండదు.

మ్యారో చేయలేదు. స్టీరాయిడ్‌ను ఫిజీషియన్ ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గించారు, షుగరు దారికొచ్చింది. ప్లేట్‌లెట్లు ఎక్కించకుండానే ఆపరేషన్ అయింది, రక్తస్రావం మామూలే. భర్త మాత్రం ఇప్పటికీ బొప్పాయి ఆకు రసం వల్లే పెరిగాయంటాడు.

తర్వాత మార్చుకున్నవి

ఇది చదివి తక్కువ ప్లేట్‌లెట్లన్నీ అబద్ధమే అనుకుంటే ప్రమాదం. డెంగీ సీజన్‌లో మా దగ్గరికి వచ్చే తక్కువ అంకెల్లో దాదాపు అన్నీ నిజమే. ముద్దలు కనిపించినంతమాత్రాన లోపల ప్లేట్‌లెట్లు నిండుగా ఉన్నాయనీ కాదు. ఈమెకే రేపు నిజంగా డెంగీ వస్తే రెండూ కలిసి ఉంటాయి, అప్పుడు మళ్ళీ వేలి రక్తంతోనే చూడాలి. అందుకే ఆమెకు ఒక కార్డు రాసిచ్చి ఆధార్ కార్డుతో పాటు పర్సులో పెట్టుకోమన్నాం. ఈ యాంటీబాడీలు ఏళ్ళ తరబడి ఉండొచ్చు.

ఈ కేసులో నాకు పదే పదే గుర్తొచ్చేది ఆ పాత రిపోర్టులోని "స్మియర్‌లోనూ తగ్గి ఉన్నాయి" అన్న మాట. అదే ట్యూబులోని, అంతే ఆలస్యమైన రక్తంతో చేసిన స్మియర్, అందులోనూ ముద్దలు ఉండని మధ్య భాగం. అలా చూస్తే మెషీన్ ఏ కారణంతో తప్పు చెప్పిందో స్మియర్ కూడా అదే కారణంతో తప్పు చెబుతుంది. రెండు సాక్ష్యాలుగా కనిపించింది నిజానికి ఒక్కటే. ఇప్పుడు మా టెక్నీషియన్లు లక్ష కంటే తక్కువ వచ్చిన ప్రతి స్లైడునూ ముందు చిన్న లెన్సుతో తోక, అంచులు చూసి, ఆ తర్వాతే మధ్యలో లెక్కపెడుతున్నారు. దానికి అర నిమిషం కూడా పట్టదు.

కలెక్షన్ సెంటర్ల నుంచి వచ్చే సీబీపీ (రక్తకణాల లెక్క) శాంపిళ్ళకు ఐస్ ప్యాక్ ఆనించవద్దన్నాం. రక్తం తీసిన సమయం రాసే గడి ఫారంలో ఎప్పటినుంచో ఉంది, కానీ నింపేవాళ్ళు తక్కువ. ఇప్పుడు అది ఖాళీగా ఉంటే శాంపిల్ తీసుకోవడం లేదు. బైకు మీద తెచ్చే కుర్రాళ్ళు దీనికి ఇంకా సణుగుతూనే ఉన్నారు. కొందరు గేటు దగ్గర నిలబడి అందాజాగా ఏదో టైము రాసేస్తున్నారని కూడా తెలుసు, దానికి ఇంకా మందు దొరకలేదు.